హోమ్ లోన్ అధికారిగా అనంతపురం వచ్చాను: ఇక్కడి రియల్ ఎస్టేట్ ఏజెంట్ల నమ్మకం ఎలా సంపాదించుకోవాలి?

ప్రశ్న: రుణవిభాగం_అనంత

అందరికీ నమస్కారం. నేను ఒక బ్యాంకు గృహరుణ విభాగంలో పని చేస్తున్నాను. ఈ మధ్యనే కోస్తా జిల్లా నుంచి అనంతపురానికి బదిలీపై వచ్చాను. అక్కడ నా పని ఎక్కువగా అపార్ట్‌మెంట్ల బిల్డర్లతోనే సాగేది. ఒక ప్రాజెక్టుకు బ్యాంకు ఆమోదం ఇచ్చిందంటే ఆ భవనంలో ఫ్లాట్లు కొనేవారి దరఖాస్తులు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. ఇక్కడ అలా కాదు. మూడు నాలుగు సెంట్లలో కట్టిన విడి ఇళ్లు, చేతులు మారే పాత ఇళ్లు, లేఅవుట్ ప్లాట్లు ఎక్కువ. దాదాపు ప్రతి బేరంలోనూ ఒక ఏజెంటు ఉంటారు. కొనేవారు ఏ బ్యాంకుకు వెళ్లాలో చాలాసార్లు ఆయనే చెబుతారు.

సప్తగిరి సర్కిల్, రామ్‌నగర్, కళ్యాణదుర్గం రోడ్డు ప్రాంతాల్లోని ఏజెంట్ల ఆఫీసులకు వెళ్లి పరిచయం చేసుకున్నాను. అందరూ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చి, "చూద్దాం సార్, కేసు ఉంటే పంపిస్తాం" అన్నారు. ఆ తర్వాత కేసులన్నీ వారికి ముందునుంచీ తెలిసిన అధికారుల దగ్గరికే వెళ్తున్నాయి. ఒకరిద్దరు మాత్రం "మాకేమిస్తారు?" అని సూటిగానే అడిగారు. పండుగలకు బహుమతులు ఇవ్వాలని, హోటల్లో విందు పెట్టాలని తోటి ఉద్యోగులు సలహా ఇస్తున్నారు. నాకు ఆ దారి నచ్చడం లేదు, అయినా నెలవారీ లక్ష్యం నా మీద ఉంది. ఏజెంట్లు మా నుంచి నిజంగా ఏం ఆశిస్తారు? ఈ సంబంధం ఎక్కడి దాకా వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి? ఈ జిల్లాల్లో పనిచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: విశ్రాంత_మేనేజరు, కర్నూలు

మీ ప్రశ్నలో సగం జవాబు ఉంది. విడి ఇళ్లు, పాత ఇళ్లు ఎక్కువ అన్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెట్టండి. బిల్డరు ప్రాజెక్టులో కాగితాల పని ఒకసారి అయిపోతుంది. విడి ఇంటి విషయంలో ప్రతి ఇంటికీ ఆ పని మొదటినుంచీ చేయాలి. ఏజెంటుకు ఉన్న అసలు భయం కూడా ఇక్కడే పుడుతుంది. బేరం కుదిరి, బయానా ఇచ్చి, అగ్రిమెంటు రాసుకున్నాక, గడువు ఇంకో పది రోజులు ఉందనగా బ్యాంకు "ఈ ఆస్తి మీద రుణం ఇవ్వలేము" అంటే అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ ఆయన ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటారు. పోయేది కమీషను ఒక్కటే కాదు, ఆ వీధిలో ఆయనకున్న పేరు కూడా పోతుంది. మిమ్మల్ని చూసి టీ ఇచ్చి పంపినవారు మనసులో వేసుకునే ప్రశ్న ఇది: ఈ అధికారి నన్ను అటువంటి స్థితిలో నిలబెడతాడా, పెట్టడా?

అందువల్ల మీరు ఇవ్వగలిగిన అత్యంత విలువైన వస్తువు, తొందరగా చెప్పే "కాదు" అన్న మాట. బయానా ఇవ్వకముందే జిరాక్సులు పంపించమనండి. అమ్మేవారి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), ప్లాను, ఇంటి పన్ను రసీదు చూసి, ఇందులో ఫలానా లోటు కనబడుతోందని ఆ రోజో మరుసటి రోజో చెప్పండి. అది మంజూరు హామీ కాదని, ప్యానెల్ న్యాయవాది (బ్యాంకు నియమించుకున్న న్యాయవాది) అభిప్రాయం, ఆస్తికి విలువ కట్టే వాల్యూయరు నివేదిక వచ్చాకే బ్యాంకు నిర్ణయిస్తుందని కూడా అదే నోటితో స్పష్టం చేయండి. నాలుగు ఇళ్లలో రెండింటికి మీరు ముందే వద్దని చెప్పారనుకోండి, మిగిలిన రెండింటినీ ఆ ఏజెంటు ధైర్యంగా మీ దగ్గరికే పంపుతారు. లక్ష్యం వెనక పరుగెత్తే అధికారులు అన్నింటికీ "అయిపోతుంది సార్" అని నెల తిరిగాక చేతులెత్తేస్తారు. ఏజెంట్లు వారిని ఎంత కాలమైనా గుర్తుపెట్టుకుంటారు.

కొనేవారి విషయంలోనూ ఇంతే. ఇల్లు చూడకముందే వారి జీతం, ఇప్పటికే కడుతున్న కంతులు, సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా తీర్చారో చూపే అంకె) చూసి ఎంత వరకు రుణం రావచ్చో సూత్రప్రాయంగా లెక్క కట్టి ఇస్తే, ఏజెంటు ఆ స్థాయి ఇళ్లే చూపిస్తారు. అందరి సమయమూ మిగులుతుంది.

ఇక మన జిల్లాల్లో బేరాలను ఎక్కువగా దెబ్బతీసేది దస్తావేజు విలువ. ఇల్లు అరవై లక్షలకు కుదురుతుంది, దస్తావేజులో ప్రభుత్వ విలువకు దగ్గరగా ముప్పై లక్షలు రాస్తామంటారు. కొనేవారు మాత్రం అరవైలో ఎనభై శాతం, అంటే 48 లక్షలు వస్తాయని నమ్మి బయానా ఇచ్చేస్తారు. బ్యాంకు చూసేది దస్తావేజు విలువ, వాల్యూయరు ఇచ్చిన విలువ, ఈ రెండింటిలో తక్కువది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు రుణాలకు ఆస్తి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆ పైన 75 శాతం మాత్రమే ఇవ్వవచ్చు. అంటే ముప్పై లక్షల దస్తావేజు మీద ఎంత ఉదారంగా చూసినా 27 లక్షలే వస్తాయి. దీనికి తోడు స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం ఏడున్నర శాతం కొనేవారు సొంతంగా పెట్టుకోవాలి. ఇల్లు పది లక్షలకు మించిన చోట ఈ ఖర్చులను రుణం లెక్కలో కలపడానికి వీలు లేదు. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తం నగదుగా పుచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పుచ్చుకున్నవారికే అంత మొత్తం జరిమానా పడవచ్చు. ఈ లెక్కను ఏజెంటు ఎదుట, కొనేవారి ఎదుట, అగ్రిమెంటు రాయకముందే కాగితం మీద వేసి చూపించండి. "దస్తావేజులో ఎంత రాయమంటారు?" అని వారు మిమ్మల్ని అడుగుతారు. అసలు ధర రాయండి అన్నదే మీ జవాబు కావాలి. రెండో జవాబు మీ నోట రాకూడదు.

విందులు, బహుమతుల గురించి నా అభిప్రాయం గట్టిదే. ఏజెంటు మీకు ఇచ్చినా, మీరు ఏజెంటుకు ఇచ్చినా తప్పే. బ్యాంకు ఉద్యోగి అవినీతి నిరోధక చట్టం దృష్టిలో ప్రజా సేవకుడు. ప్రైవేటు బ్యాంకుల అధికారులకు కూడా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. మీ బ్యాంకులో డీఎస్ఏ (బ్యాంకు తరఫున రుణ దరఖాస్తులు తెచ్చే అధీకృత ఏజెంటు) ఏర్పాటు ఉంటే, అర్హత ఉన్న ఏజెంటును అధికారికంగా నమోదు చేయించండి. అప్పుడు ప్రతిఫలం ఒప్పందం ప్రకారం, పన్ను మినహాయించుకుని బ్యాంకు ఖాతా నుంచి వారి ఖాతాకు వెళ్తుంది. "మాకేమిస్తారు?" అన్నవారికి ఇంతకు మించిన జవాబు అక్కరలేదు.

సమాధానం 2: ఏజెంటు, కడప

నేను ఏపీ రెరాలో (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైన ఏజెంటును. యర్రముక్కపల్లె, కోటిరెడ్డి సర్కిల్ ప్రాంతాల్లో ఇళ్లు ఎక్కువగా చూపిస్తుంటాను. మేనేజరు గారు చెప్పినవన్నీ నిజం. మా వైపు నుంచి కొన్ని విషయాలు చేర్చవలసి ఉంది.

ప్రభుత్వ ఉపాధ్యాయుడికి, విద్యుత్ శాఖ ఉద్యోగికి ఏ బ్యాంకైనా రుణం ఇస్తుంది. వారి కోసం అధికారులు మా చుట్టూ తిరుగుతారు. మాకు కష్టం వచ్చేది వ్యాపారస్తులతో. వేరుశనగ వ్యాపారి, ధర్మవరం చీరలు తెచ్చి అమ్మే వ్యక్తి, రెండు లారీలు తిప్పే యజమాని నెలకు ఎంత సంపాదిస్తారో ఊరంతటికీ తెలుసు, ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఆ ఆదాయం కనబడదు. ఇటువంటివారితో గంటసేపు ఓపికగా కూర్చొని, ఖాతా లావాదేవీలు, జీఎస్టీ రిటర్నులు తిరగేసి, "ఈ సంవత్సరం ఇంతే వస్తుంది, వచ్చే ఏడాది రిటర్ను సరిగ్గా వేసి రండి, అప్పుడు ఇంత ఇవ్వగలం" అని నిజం చెప్పే అధికారి ఒక్కరు దొరికితే మేము వదులుకోము. దొంగ జీతం స్లిప్పులు తయారు చేయించే ఏజెంట్లు మా వృత్తిలో ఉన్నారని నేను దాచను. అటువంటివారు మీ దగ్గరికి ఒకసారి వస్తే, రెండోసారి రానివ్వకండి. ఆ సంగతి ఊళ్లో ఎలాగూ తెలుస్తుంది, తెలిశాక సరైనవారే మీ దగ్గరికి వస్తారు.

రిజిస్ట్రేషన్ రోజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను ఒక అధికారికి కేసులు పంపడం మొదలుపెట్టడానికి కారణం అలాంటి ఒక రోజే. అమ్ముతున్నావిడ భర్త పోయిన పెద్దావిడ. ఇంటి మీద మరో బ్యాంకులో పాత రుణం మిగిలి ఉంది. కొనేవారి బ్యాంకు ముందు ఆ బాకీ తీర్చి, అసలు పత్రాలు తీసుకుని, మిగతా సొమ్ముకు ఆవిడ పేరు మీద బ్యాంకర్స్ చెక్కు ఇవ్వాలి. ఇదంతా ఆవిడకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం వరండాలో బెంచీ మీద కూర్చొని, డబ్బు చేతికి రాకుండా వేలిముద్ర వేసేది లేదని ఆవిడ భీష్మించుకున్నారు. రిజిస్ట్రేషన్ కాకుండా చెక్కు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. ఆ అధికారి వచ్చి ఆవిడ పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. పాత బ్యాంకు ఇచ్చిన బాకీ వివరాల పత్రం తెరిచి, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వేలుపెట్టి చూపించారు. చెక్కు కవరులోంచి తీసి, దాని మీద ఉన్న ఆవిడ పేరును ఆవిడ మనవడి చేత చదివించారు. "అమ్మా, ఇది నా చేతిలోనే ఉంటుంది, మీరు లోపలికి వెళ్లి వేలిముద్ర వేసి రండి, తలుపు దగ్గరే మీ చేతిలో పెడతాను" అని, అలాగే నిలబడి ఇచ్చారు. ఆ రోజు ఆయన నా కోసం ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. అయినా ఆ ఇంటి బంధువుల్లో తర్వాత ఇల్లు కొన్నవారిని నేను ఆయన దగ్గరికే తీసుకువెళ్లాను.

ఇంకొక మాట. ఆస్తిలో లోపం కనబడితే ముందు మాకు ఫోన్ చేయండి. కొనేవారికి చెప్పవద్దని కాదు, వారికి చెప్పి తీరాలి. ఒక గంట ముందు మాకు తెలిస్తే, అమ్మేవారి దగ్గర ఆ కాగితం ఉందో లేదో విచారించి రాగలుగుతాము. చాలాసార్లు కాగితం ఇంట్లో బీరువాలోనే ఉంటుంది. ఎవరూ అడగలేదు కాబట్టి వారు తెచ్చి ఉండరు.

సమాధానం 3: న్యాయవాది, అనంతపురం

నేను ఇక్కడ ఆస్తి పత్రాల పరిశీలన చేస్తుంటాను. పై ఇద్దరి మాటల్లోనూ కాగితాల ప్రస్తావన వచ్చింది కాబట్టి, అనంతపురంలో తరచుగా రుణం ఆగిపోయే సందర్భాలు ఏవో ఈ అధికారి తెలుసుకోవడం మేలు. వీటిని ఏజెంట్లకు నేర్పించగలిగితే అంతకన్నా మంచి పరిచయ కార్యక్రమం మరొకటి ఉండదని నా నమ్మకం.

నగరం అంచుల్లో, ముఖ్యంగా రుద్రంపేట, బుక్కరాయసముద్రం, రాప్తాడు వైపు పెరిగిన కాలనీల్లో మొదట చూడవలసింది, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందా లేదా అన్నది. ఒకప్పుడు పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూములను 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం మామూలుగా అన్యాక్రాంతం కానివ్వదు. నిషేధిత జాబితాలో ఉన్న అటువంటి భూమిలో వేసిన ప్లాటు చేతులు ఎన్ని మారినా, దాని మీద ఎంత మంచి ఇల్లు కట్టినా బ్యాంకు తనఖా తీసుకోదు. చుక్కల భూముల (పాత రెవెన్యూ రికార్డులో యజమాని పేరు ఉండవలసిన చోట చుక్కలు పెట్టిన భూముల) చిక్కు దీనికి తోడు. ఈ విషయాల్లో ప్రభుత్వ ఉత్తర్వులు తరచుగా మారుతుంటాయి, అందుకని ఏడాది కిందట తీసిన కాగితాన్ని నమ్మకుండా, అగ్రిమెంటుకు ముందు జాబితాను మళ్లీ చూడాలి.

తర్వాత లేఅవుట్ అనుమతి. అహుడా (ఈ ప్రాంతపు పట్టణాభివృద్ధి ప్రాధికార సంస్థ) పరిధిలో సరైన అనుమతి లేకుండా, కేవలం పంచాయతీ తీర్మానం చూపించి అమ్మిన ప్లాట్లు ఇప్పటికీ బజారులోకి వస్తున్నాయి. అనుమతి ఉన్న లేఅవుట్లలో కూడా రోడ్లు, కాలువలు పూర్తి చేసేదాకా కొన్ని ప్లాట్లు ప్రాధికార సంస్థకు తనఖాలో ఉంటాయి. అపార్ట్‌మెంట్లలోనూ కొన్ని ఫ్లాట్లు అలాగే నగరపాలక సంస్థకు తనఖాలో ఉంటాయి. అవి విడుదల కాకముందే అమ్మకానికి పెట్టినట్టు తెలిస్తే, కొనేవారికి ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత ఏజెంటుకూ ఉంది, మీకూ ఉంది.

అన్నింటికన్నా ఎక్కువగా నా బల్ల మీద ఆగిపోయేవి మాత్రం పిత్రార్జిత ఇళ్లు. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం చేస్తారు, పెళ్లయి బళ్లారిలోనో బెంగళూరులోనో ఉన్న ఆడపడుచు సంతకం ఉండదు. "ఆమెకు పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటారు. 2005 సవరణ హిందూ కుటుంబంలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పెళ్లి ఖర్చులు ఎంత పెట్టినా, రిజిస్టరైన విడుదల దస్తావేజు (హక్కు వదులుకుంటున్నట్టు రాసే పత్రం) వంటిది లేకుండా ఆ హక్కు పోదు. ఇల్లు చూపించిన మొదటి రోజే ఏజెంటు "మీకు అక్కచెల్లెళ్లు ఎంతమంది?" అని అడగడం అలవాటు చేసుకుంటే, నెలల తరబడి సాగే తగాదాలు అక్కడే ఆగిపోతాయి. ఆడబిడ్డకు రావలసింది ఆమెకు వస్తుంది కూడా, ఇది నాకు చిన్న విషయంగా అనిపించదు.

అగ్రిమెంటులో ఒక వాక్యం చేర్చమని కూడా ఏజెంట్లకు చెప్పండి: ఆస్తి పత్రాల్లోని లోపం వల్ల బ్యాంకు రుణం నిరాకరిస్తే, బయానా ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి. చాలా స్టాంపు కాగితాల్లో ఈ వాక్యం ఉండదు.

చివరిగా, ఏజెంటుతో స్నేహం కుదిరిందని ప్యానెల్ న్యాయవాదికి ఫోన్ చేసి "కొంచెం చూడండి" అనవద్దు. ఆ ఒక్క ఫోన్‌తో మా అభిప్రాయానికీ మీ సంతకానికీ విలువ పోతుంది.

ప్రశ్న అడిగినవారు: రుణవిభాగం_అనంత

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆడపడుచుల సంతకాల గురించి చదివాక, నా దగ్గర పెండింగులో ఉన్న ఒక దరఖాస్తును మళ్లీ తెరిచి చూస్తున్నాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఒకటి, కొందరు ఏజెంట్లు "మా పార్టీ సిబిల్ ఎంత, జీతం ఎంత, ఎంత మంజూరైంది?" అని అడుగుతున్నారు. చెప్పకపోతే నొచ్చుకుంటున్నారు. రెండు, మా బ్యాంకు వడ్డీ రేటు పక్క బ్యాంకు కన్నా కొంచెం ఎక్కువగా ఉన్నప్పుడు ఏజెంటుకు ఏమని చెప్పాలి?

సమాధానం 4: విశ్రాంత_మేనేజరు, కర్నూలు

మొదటిదానికి: కొనేవారి ఆదాయం, స్కోరు వారి సొంత విషయాలు. అవి ఏజెంటుకు చెప్పే హక్కు మీకు లేదు. అంకె తెలిస్తే బేరం ఆడే సమయంలో అది కొనేవారికి వ్యతిరేకంగానే వాడబడుతుంది. దరఖాస్తు తీసుకునేటప్పుడే "మీ ఫైలు ఏ దశలో ఉందో ఏజెంటుకు చెప్పవచ్చా?" అని రాతపూర్వకంగా అనుమతి అడగండి. వారు ఒప్పుకుంటే లీగల్ అభిప్రాయం వచ్చింది, వాల్యుయేషన్ అయ్యింది, మంజూరు అయ్యింది అని దశలు మాత్రమే చెప్పండి. కేసు పంపిన ఏజెంటుకు వారానికి ఒకసారి మీరే ఫోన్ చేసి ఈ నాలుగు ముక్కలు చెప్పండి. అలా చేస్తే జీతం ఎంత అన్న ప్రశ్న దానంతట అదే తగ్గిపోతుంది. ఏజెంటుకు కావలసింది అంకె కాదు, పని ఎక్కడ ఆగిందో తెలియడం.

రెండోదానికి: దాచవద్దు. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. అందులో వార్షిక వడ్డీ శాతం, ఫీజులు అన్నీ ఉంటాయి కాబట్టి దాచినా దాగదు. పైగా చర వడ్డీ (కాలానుగుణంగా మారే వడ్డీ) మీద తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చితే వ్యక్తులకు జరిమానా ఉండదు. తక్కువ వడ్డీ దొరికిన రోజు వారు మరో బ్యాంకుకు మారగలరు. మా రేటు ఇంత, ప్రాసెసింగ్ ఫీజు ఇంత, ఫైలు ఇన్ని రోజుల్లో తేలుస్తాం అని చెప్పి, ఎంపిక కొనేవారికి వదలండి. పక్క బ్యాంకుకు వెళ్లడమే వారికి మేలయితే ఆ మాట కూడా మీరే చెప్పండి.

సమాధానం 5: ఏజెంటు, కడప

ఎప్పుడు కలవాలన్నది కూడా తెలుసుకోండి సార్. శ్రావణంలో, ఉగాది తర్వాత మంచి ముహూర్తాలు ఉన్న రోజుల్లో మేము సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే ఉంటాము. అప్పుడు మీరు వచ్చినా మాట్లాడే తీరిక ఉండదు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో బేరాలు మందగిస్తాయి, మధ్యాహ్నాలు ఆఫీసులో ఖాళీగా కూర్చుంటాము. అప్పుడు రండి. న్యాయవాది గారు చెప్పిన విషయాలు ఒక కాగితం మీద తెలుగులో రాసి తెచ్చుకోండి. పాత ఇంటికి ఏ కాగితాలు కావాలి, ప్లాటుకు ఏవి, రుణం మిగిలి ఉన్న ఇంటికి ఏవి అని విడివిడిగా ఉండాలి. కింద మీ ఫోన్ నంబరు ఉండాలి. ఆ కాగితం నేనైతే నా బల్ల అద్దం కింద పెట్టుకుంటాను. శ్రావణంలో అమ్మేవారు వచ్చి కూర్చోగానే దాన్ని చూసే కాగితాలు అడుగుతాను, ఏదైనా అనుమానం వస్తే అక్కడి నుంచే మీకు ఫోన్ చేస్తాను. ఆ ఫోన్ మాత్రం తప్పకుండా ఎత్తండి.